రంగు వేయించాక చార్జింగ్ పోయిన ఎంజీబీ: డైనమో మార్చే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: ఇంగ్లండులో రెడింగ్ దగ్గర ఉంటున్నాం. రెండేళ్ల కిందట 1967 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నాను. డైనమో (ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించే యంత్రం) ఉన్న బండి, పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది. పోయిన చలికాలంలో బాడీకి, బోనెట్ లోపలి భాగానికి కూడా రంగు వేయించాను. అప్పటినుంచి చార్జింగ్ సరిగా లేదు. పగలు రేస్ ఇస్తే డాష్‌బోర్డులో ఎర్ర దీపం ఆరిపోతుంది. రాత్రి హెడ్‌లైట్లు, హీటరు వేస్తే మాత్రం మసకగా వెలుగుతూనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంకా పెరుగుతుంది. ఆదివారం తిప్పి పెట్టిన బండి తర్వాతి ఆదివారానికి స్టార్టర్ మూలుగుతుంది. రెండు బ్యాటరీలూ మార్చాను. గ్యారేజీ వాళ్లు చెబితే డైనమో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ బాక్సు కూడా కొత్తది వేయించాను. తేడా లేదు. ఇప్పుడేమో డైనమో తీసేసి, ఇప్పటి కార్లలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పెట్టించమంటున్నారు. ఏలూరులో మా మావయ్య అంబాసిడర్‌కి ఇలాంటి జబ్బు చేస్తే కటౌట్ (రెగ్యులేటర్ బాక్సులో ఉండే స్విచ్) పాయింట్లు ఎమరీ కాగితంతో రుద్దేవాడు, సరిపోయేది. నేనూ అలా చేయొచ్చా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. రంగు వేయించినప్పటి నుంచే ఈ తంటా మొదలైందన్నారు. అంతకుముందు బాగానే నడిచిన డైనమో, రంగు వేసినంత మాత్రాన చెడిపోదు. రంగు వల్ల చెడేది ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా తిరిగి బ్యాటరీకి చేరే దారి. ఇకమీదట ఒక్క పౌండు కూడా ఖర్చు పెట్టకండి. ఒక మల్టీమీటరు, కాస్త గాజు కాగితం, ఒక పూట తీరిక ఉంటే చాలు.

ముందు ఏది జబ్బో, ఏది కాదో తేల్చుకుందాం. సిగ్నల్ దగ్గర దీపం వెలగడం జబ్బు కాదు. మీ బండిలో ఉండే లూకాస్ సీ40/1 డైనమో పూర్తిగా ఇవ్వగలిగింది 22 ఆంపియర్లు. అది కూడా డైనమో నిమిషానికి దాదాపు 2,250 చుట్లు తిరిగినప్పుడే. ఇంజన్ స్లోలో ఉంటే దాని వోల్టేజీ బ్యాటరీని మించదు. అప్పుడు కటౌట్ విడిపోయి బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా ఆపుతుంది, దీపం వెలుగుతుంది. తయారైన రోజు కూడా ఆ బండి అలాగే ఉండేది. ఇప్పటి కార్లకు అలవాటుపడి దీన్ని జబ్బనుకుని మంచి డైనమోలను పారేస్తున్నారు, అదే నా బాధ.

రోడ్డు మీద పోతున్నప్పుడు, రాత్రిపూట మసకగా వెలుగుతుందన్నారే, జబ్బు అక్కడుంది. ఆ దీపానికి ఒక వైపు ఇగ్నిషన్ నుంచి వచ్చే తెల్ల వైరు, రెండో వైపు డైనమో డి టెర్మినల్, అంటే డైనమో కరెంటు బయటికి వచ్చే కొస. తక్కెడలో రెండు వైపులా బరువు సమానమైతే ముల్లు నిలిచిపోయినట్టు, రెండు వైపులా వోల్టేజీ సమానమైతే దీపం ఆరిపోతుంది. అంటే దీపం ఆరితే రెండు వోల్టేజీలు సమానమయ్యాయని మాత్రమే అర్థం, బ్యాటరీ నిండుతోందని కాదు. మసకగా వెలుగుతోందంటే రెండు చోట్ల మధ్య ఎక్కడో ఒకటి రెండు వోల్టులు కారిపోతున్నాయి. ఇంకో రకం కూడా ఉంది: రేస్ ఇచ్చేకొద్దీ దీపం మొదట ఆరి, ఆ తర్వాత మళ్లీ వెలుగుతూ ప్రకాశం పెరిగితే, డైనమో బాగానే పుట్టిస్తోంది గానీ కటౌట్ కలవడం లేదని. మీరు చెప్పింది ఆ రకం కాదు. పగలు ఆరుతోంది కాబట్టి డైనమోకు ప్రాణం ఉంది, కటౌట్ కూడా కలుస్తోంది.

మరి పగలు లేనిది రాత్రి ఎందుకు? పగలు ఇగ్నిషన్‌కు, పెట్రోలు పంపుకు నాలుగైదు ఆంపియర్లు పోతాయంతే. రాత్రి హెడ్‌లైట్లకు దాదాపు పది, వెనక దీపాలకు రెండు, హీటరు ఫ్యాన్‌కు, వైపర్లకు ఇంకొన్ని కలిస్తే ఇరవై దగ్గరికి వస్తుంది. దారిలో ఎక్కడైనా ఒక ఓమ్‌లో పదో వంతు అడ్డు ఉంటే, ఐదు ఆంపియర్లకు పోయేది అర వోల్టు. అదే అడ్డు మీద ఇరవై ఆంపియర్లకు రెండు వోల్టులు పోతాయి. ఒక బోల్టు కింద రంగు పొర, ఒక టెర్మినల్ మీద పచ్చ చిలుము ఉంటే ఆ పదో వంతు అడ్డు ఏర్పడటానికి చాలు.

గ్యారేజీ వాళ్లు రెగ్యులేటర్ మార్చినా తేడా ఎందుకు రాలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. కుడివైపు లోపలి వింగ్ (ఇంజన్ పక్కన చక్రం పైన ఉండే రేకు) మీద బిగించి ఉండే ఆ ఆర్‌బీ340 బాక్సుకు తన డి టెర్మినల్‌కూ తన ఎర్త్‌కూ మధ్య ఎంత వోల్టేజీ ఉందన్నదే తెలుసు. అక్కడ 14.5 కనబడితే పని అయిపోయిందనుకుని ఊరుకుంటుంది. సీట్ల వెనక నేల కింద ఉన్న బ్యాటరీలకు అందులో ఎంత చేరిందో దానికి తెలియదు. బ్యాటరీ ఎర్త్ వైరు రంగు మీద బిగిసి ఉంటే, బాక్సు దగ్గర 14.5 ఉన్నా బ్యాటరీ కొసల మధ్య 13.5 కూడా ఉండకపోవచ్చు. వారానికోసారి గంట సేపు తిప్పితే ఆ బ్యాటరీ ఎప్పటికి నిండాలి?

డైనమో ఎర్త్ సంగతి కొంచెం వేరు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి, డైనమో కరెంటు తిరిగి బాడీకి రావాలంటే బ్రాకెట్ బోల్టుల మీదుగా ఇంజన్‌కు, అక్కడినుంచి అల్లిన రాగి పట్టీ ద్వారా బాడీకి చేరాలి. ఆ పట్టీ చెడితే రెగ్యులేటర్ డైనమోను ఇంకా గట్టిగా పనిచేయించి లోటు పూడ్చాలని చూస్తుంది. మోటర్‌వే మీద వేగంగా పోతుంటే పూడ్చగలదు. ఊళ్లో నెమ్మదిగా పోతుంటే డైనమోకు అంత శక్తి ఉండదు, కటౌట్ విడిపోతూ కలుస్తూ ఉంటుంది. మీ దీపం ఊళ్లో ఎక్కువగా వెలిగి, మోటర్‌వే మీద తగ్గుతుంటే ముందు ఈ పట్టీనే అనుమానించండి. ఇంకో గుర్తు: స్టార్టర్ తిప్పినప్పుడు చోక్ కేబుల్ వేడెక్కుతుందేమో చేత్తో పట్టుకుని చూడండి. పట్టీ పనిచేయకపోతే స్టార్టర్ లాగే వందల ఆంపియర్లు అలాంటి సన్నటి కేబుళ్ల గుండా దారి వెతుక్కుంటాయి.

ఇక పని మొదలుపెడదాం. చేతి ఉంగరాలు, గడియారం తీసేయండి. మీది పాజిటివ్ ఎర్త్ బండి కాబట్టి మీటరు ఎర్ర వైరు బాడీకి, నల్లది టెర్మినల్‌కు. తారుమారైతే అంకె ముందు మైనస్ గుర్తు వస్తుంది, అంతకుమించి ఏమీ కాదు.

బ్యాటరీలతో మొదలు. రాత్రంతా ఊరికే ఉంచి, పొద్దున్నే ఒక్కొక్క ఆరు వోల్టుల బ్యాటరీనీ విడివిడిగా కొలవండి. నిండుగా ఉంటే ఒక్కోదానికి 6.3 రావాలి. రెండింటినీ కలిపే జోడు వైరును చేత్తో కదిపి చూడండి, చాలామంది దాన్ని మర్చిపోతారు. రెండూ తక్కువగా ఉంటే ముందు ఇంట్లో చార్జరుతో నింపండి. ఖాళీ బ్యాటరీతో చేసే ఏ పరీక్షనూ నమ్మలేం.

ఆ తర్వాత ఈ ఎర్త్ పరీక్ష చేయండి. ఇదే అసలైనది. బ్యాటరీ సీట్ల వెనక, డైనమో ముందు ఉన్నాయి కదా, మీటరు వైరు అందదు. మూడు నాలుగు మీటర్ల వైరు ముక్కకు రెండు కొసలా మొసలి క్లిప్పులు పెట్టి, ఒక కొస మీటరు వైరుకు, రెండోది బ్యాటరీ ఎర్త్ కొసకే తగిలించండి. కొసకు అంటే సీసపు గుబ్బకు, దానికి బిగించిన క్లాంపుకు కాదు. ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు, హీటరు వేసి, ఎవరినైనా ఇంజన్ నిమిషానికి 2,000 చుట్ల దగ్గర రేస్ పట్టి ఉంచమనండి. మీటరు రెండో వైరును వరుసగా తాకిస్తూ పోండి: ముందు డైనమో బాడీకి, తర్వాత ఇంజన్ బ్లాకుకు, ఆ తర్వాత లోపలి వింగ్ మీద గోకిన చోటుకు, రెగ్యులేటర్ ఎర్త్ టెర్మినల్‌కు, చివరగా బ్యాటరీ క్లాంపుకు. ప్రతిచోటా 0.1, మహా అయితే 0.2 వోల్టులు కనబడాలి. ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగిరిందో, దానికీ దాని పక్కదానికీ మధ్యే జబ్బు. డైనమోకు, బ్లాకుకు ఒకటిన్నర వచ్చి, వింగ్ దగ్గర 0.1 ఉంటే పట్టీ చెడింది. వింగ్ దగ్గరే ఒక వోల్టు ఉంటే బ్యాటరీ ఎర్త్ వైరు బాడీకి బిగిసే చోటు చూడండి. కొన్ని చవక డిజిటల్ మీటర్లు ఇగ్నిషన్ నిప్పురవ్వల గోలకు పిచ్చి అంకెలు చూపిస్తాయి. ముల్లు ఉన్న పాత మీటరు దొరికితే ఈ పనికి అదే మేలు.

ఇదే పద్ధతిలో కరెంటు వైపు కూడా చూడండి. రెగ్యులేటర్ బి టెర్మినల్‌కూ (అక్కడినుంచే బ్యాటరీకి కరెంటు పోతుంది) బ్యాటరీ రెండో కొసకూ మధ్య ఎంత పడిపోతోంది? డి, బి మధ్య ఎంత? బి నుంచి ఫ్యూజు బాక్సులో తెల్ల వైరు దాకా ఎంత? మీ దీపం రాత్రి మసకగా వెలగడానికి సూటిగా సంబంధం ఉన్నది ఈ చివరి రెంటికే. డి, బి మధ్య అర వోల్టు దాటితే కటౌట్ పాయింట్లు సరిగా కలవడం లేదు. బి నుంచి తెల్ల వైరుకు ఎక్కువ పడిపోతే గోధుమరంగు వైర్ల జాయింట్లు, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి. రంగు వేసేటప్పుడు వైరింగు విప్పి మళ్లీ తగిలించి ఉంటారు, వదులైన స్పేడ్ కనెక్టర్లు (వైరు కొసన ఉండే చపటా క్లిప్పులు) అప్పుడే పుడతాయి. అలాంటి కనెక్టరును ప్లయరుతో సుతారంగా నొక్కి బిగువు చేయండి. వేడికి దాని ఇన్సులేషన్ నల్లబడి ఉంటే మార్చేయండి.

జబ్బున్న ఎర్త్ దొరికాక, ముందు బ్యాటరీ ఎర్త్ విప్పేయండి. ఆ బోల్టు కింద రంగును మెరిసే ఇనుము కనబడేదాకా గోకి, పళ్ల వాషరు వేసి బిగించండి. బిగించాక పైన వాజిలిన్ పూయండి, తుప్పు పట్టదు. కొత్త రంగును గోకాలంటే ప్రాణం ఒప్పదని తెలుసు. వాషరు కింద దాగేంత మేర గోకితే చాలు, బయటికి కనబడదు. రెగ్యులేటర్ బాక్సు ఎర్త్‌ను మాత్రం వదలకండి. దాని ఎర్త్ చెడితే కటౌట్ కలవకపోవచ్చు, లేదా వోల్టేజీ అదుపు తప్పి బ్యాటరీ నీళ్లు మరిగిపోవచ్చు.

ఇవన్నీ సరిగా ఉన్నా చార్జింగ్ రాకపోతేనే డైనమో మీదకు పోవాలి. ఫ్యాన్ బెల్టును పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అరంగుళం దిగాలి. అది సరిగా ఉంటే డైనమో వెనక రెండు వైర్లూ తీసేయండి. పెద్ద టెర్మినల్ డి, చిన్నది ఎఫ్, అంటే డైనమోలో అయస్కాంతం పుట్టించే ఫీల్డ్ కాయిల్‌ది. ఆ రెండింటినీ చిన్న వైరు ముక్కతో కలిపి, ఆ జాయింటుకు మీటరు నల్ల వైరు, డైనమో బాడీకి ఎర్ర వైరు పెట్టండి. ఇంజన్ స్టార్ట్ చేసి స్లో నుంచి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా రేస్ ఇవ్వండి. వెయ్యి దగ్గరికి వచ్చేసరికి ముల్లు అదుపు లేకుండా 20 వైపు పోవాలి. 20 చేరగానే ఆపేయండి, ఇంకా పైకి తీసుకెళ్తే ఫీల్డ్ కాయిల్ దెబ్బతింటుంది. అలా పెరిగితే మీ డైనమో నిక్షేపంలా ఉంది. అసలేమీ రాకపోతే కార్బన్ బ్రష్‌లు అరిగాయో ఇరుక్కున్నాయో చూడండి. ఒక వోల్టు దగ్గరే ఆగిపోతే ఫీల్డ్ కాయిల్ అనుమానం. ఎఫ్ టెర్మినల్‌కూ బాడీకీ మధ్య సుమారు 6 ఓమ్‌లు ఉండాలి. నాలుగైదు వోల్టుల దగ్గర నిలిచిపోతే ఆర్మేచరు, అంటే లోపల తిరిగే చుట్ట. ఆరు ఓమ్‌లూ సరిగా ఉండి, వోల్టేజీ మాత్రం రాకపోతే, లోపలి ఇనుములో మిగలాల్సిన అయస్కాంతం పోయి ఉండొచ్చు. అప్పుడు ఎఫ్ వైరు డైనమో నుంచి తీసేసి, బ్యాటరీ నెగటివ్ కొస నుంచి తెచ్చిన వైరును ఎఫ్ టెర్మినల్‌కు ఒక్క క్షణం తాకిస్తే చాలు. మీ బండి పాజిటివ్ ఎర్త్ కాబట్టి నెగటివ్ అంటున్నాను.

డైనమో వెనక బేరింగుకు చిన్న నూనె రంధ్రం ఉంటుంది. సర్వీసు చేసినప్పుడల్లా అందులో రెండు చుక్కలు ఇంజన్ ఆయిలు వేయాలి. ఎక్కువ పోస్తే బ్రష్‌లు ఆనే కమ్యుటేటర్ మీదకు పాకి, బ్రష్‌ల కింద జిడ్డు చేరి చార్జింగే ఆగిపోతుంది.

కొత్త బాక్సు సరిగ్గా సెట్ అయి ఉందో లేదో కూడా చూడాలి. ఇప్పుడు దొరికే నకలు బాక్సులన్నీ ఒకే నాణ్యతతో ఉండవు. ఇంజన్ ఆపి ఉండగా, బ్యాటరీ ఎర్త్ తీసి, బి మీది వైర్లు ఊడదీసి, వాటిని ఒకదానితో ఒకటి కలిపి గట్టిగా టేపు చుట్టండి. కలపకపోతే ఇగ్నిషన్‌కు కరెంటు అందదు. చుట్టకపోతే అవి బాడీకి తగిలి మంట లేస్తుంది. మళ్లీ ఎర్త్ తగిలించి, స్టార్ట్ చేసి, 2,000 దగ్గర డి, ఎర్త్ మధ్య కొలవండి. 20 డిగ్రీల వాతావరణంలో 15కు అటూ ఇటూగా, అంటే 14.5, 15.5 మధ్య రావాలి. వేడి రోజుల్లో కొంచెం తక్కువ రావడం దోషం కాదు, బాక్సును అలాగే తయారుచేశారు. అర నిమిషంలో కొలత ముగించండి, బాక్సులోని కాయిల్ వేడెక్కితే అంకె మారిపోతుంది. తేడా ఉంటే మీరు స్క్రూడ్రైవరుతో సరిచేయలేరు. లోపల ఉండే పళ్ల కామ్‌లను తిప్పడానికి వేరే పనిముట్టు కావాలి. బాక్సు అమ్మినవాళ్లకే తిరిగిచ్చి మార్పించుకోండి.

మీ మావయ్యగారి ఎమరీ కాగితం సంగతి. అంబాసిడర్‌లో ఉండేదీ, మీ ఎంజీబీలో ఉండేదీ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్) బీ-సిరీస్ కుటుంబం ఇంజన్లు, కరెంటు పద్ధతి కూడా దాదాపు అదే. పాయింట్లు శుభ్రం చేయాలన్న ఆయన ఆలోచన సరైనదే. కానీ కటౌట్ పాయింట్లు మెత్తటి లోహంతో చేసినవి. ఎమరీ గరుకు రేణువులు వాటిలో ఇరుక్కుని కొత్త జబ్బు తెస్తాయి. వాటికి సన్నటి గాజు కాగితం ముక్క మాత్రమే వాడాలి. పక్కనున్న వోల్టేజీ, కరెంటు రెగ్యులేటర్ల పాయింట్లు గట్టివి, వాటికి సన్నటి కార్బొరండం రాయి పనికొస్తుంది. ఏది చేసినా చివర స్పిరిటులో ముంచిన గుడ్డతో తుడవాలి. బ్యాటరీ ఎర్త్ విప్పకుండా ఆ మూత తీయకండి. కటౌట్‌ను పొరపాటున వేలితో మూస్తే బ్యాటరీ మొత్తం డైనమో మీదకు విరుచుకుపడుతుంది. ఎప్పుడైనా ఇంజన్ ఆపాక కూడా డైనమో మూలుగుతున్నా, వేడెక్కుతున్నా కటౌట్ అతుక్కుపోయినట్టే. వెంటనే బ్యాటరీ తీసేయాలి.

వారంలో బ్యాటరీ దిగిపోవడం గురించి ఇంకో చిన్న పరీక్ష. అన్నీ ఆపేసి, బ్యాటరీ ఎర్త్ విప్పి, ఆ మధ్యలో మీటరును ఆంపియర్ల వైపు పెట్టండి. మీ బండిలో ఊరికే కరెంటు తాగేది ఏదీ ఉండకూడదు, సున్నా రావాలి. ఏదైనా కనబడితే రెగ్యులేటర్ నుంచి డి వైరు తీసి చూడండి. సున్నాకు పడితే కారుతున్నది కటౌట్ గుండానే. పడకపోతే తర్వాత ఎవరో బిగించిన రేడియో లాంటివి వెతకండి. మీటరు అలా పెట్టి ఉండగా స్టార్టర్ నొక్కితే మీటరు కాలిపోతుంది, జాగ్రత్త.

చివరికి ఆల్టర్నేటర్. అది చెడ్డదని నేను అనను. ఎంజీబీకే 1967 చివర్లో మార్క్ 2 వచ్చినప్పుడు ఆల్టర్నేటర్ పెట్టి నెగటివ్ ఎర్త్ చేశారు. చలికాలం వానలో, చీకట్లో రోజూ ఆఫీసుకు ఈ బండే తీసుకెళ్తానంటే డైనమో ఇచ్చే 22 ఆంపియర్లు ఇరుకే, అప్పుడు మార్చుకోండి. ఆదివారాల షికారుకైతే అవసరం లేదు, ఆ బండి తయారైన తీరులోనే ఉండనివ్వండి. మార్చినా ఈ ఎర్త్ జబ్బు అలాగే ఉంటుంది, పైగా ఎక్కువ కరెంటు అదే పాడు జాయింట్ల గుండా పోయి అవి ఇంకా కాగుతాయి. పోలారిటీ మార్చడం, అంటే పాజిటివ్ ఎర్త్‌ను నెగటివ్ చేయడం కూడా రెండు వైర్లు అటూ ఇటూ వేసేస్తే అయిపోయే పని కాదు. మీ బండిలో స్మిత్స్ ఎలక్ట్రానిక్ ట్యాకోమీటరును (ఇంజన్ చుట్లు చూపే మీటరు) లోపల మార్పించాలి, ఇగ్నిషన్ కాయిల్ వైర్లు తారుమారు చేయాలి, పెట్రోలు పంపులో డయోడు ఉంటే దాన్నీ చూసుకోవాలి. మార్చకుండా ఉన్నంతకాలం మాత్రం ఇంకో కారు నుంచి జంప్ ఇచ్చేటప్పుడు రెండు బండ్ల బాడీలు తగలకుండా చూడండి, మామూలు ఫోన్ చార్జర్ పెట్టకండి.

ఈ వారాంతంలో కొలిచి నాకు నాలుగు అంకెలు రాయండి: డైనమో బాడీ నుంచి బ్యాటరీ ఎర్త్ కొసకు, లోపలి వింగ్ నుంచి అదే కొసకు, రెగ్యులేటర్ డి నుంచి బికి, బి నుంచి తెల్ల వైరుకు. హెడ్‌లైట్లు వేసి, 2,000 దగ్గర కొలిచినవి కావాలి. అవి చూస్తే ఏ బోల్టు విప్పాలో ఇక్కడినుంచే చెప్పగలను.